పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్‌కి ఒక్క ఐడీ ఇస్తే టేబుల్ మొత్తం వచ్చేస్తోంది, తప్పెక్కడ?

చిన్న_జాయిన్:

అందరికీ నమస్తే. డేటాబేస్ సైడు నేను కొత్త, మేం వాడేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. ఇప్పటిదాకా క్వెరీలన్నీ అప్లికేషన్ కోడ్‌లోనే స్ట్రింగ్‌లా పెట్టేవాణ్ణి, ఒకే సెలెక్ట్ నాలుగు ఫైళ్ళలో ఉండేది, ఒక చోట మార్చి మిగతా మూడు మర్చిపోవడం, తర్వాత రెండు రిపోర్టుల్లో రెండు లెక్కలు రావడం, ఇదే తంతు. అందుకని ఈసారి దాన్ని ఫంక్షన్‌గా డేటాబేస్‌లోనే పెట్టేద్దాం, ఐడీ ఇస్తే ఆ కస్టమర్ ఆర్డర్లు టేబుల్‌లా వెనక్కి రావాలి, అంతే కదా అనుకున్నా.

రాసింది ఇది (లాటిన్ అక్షరాల్లో పేస్ట్ చేస్తే ఫార్మాట్ చెడిపోతోంది, అందుకే కీవర్డ్స్ కూడా తెలుగులోనే కొడుతున్నా, అర్థం చేసుకోండి):

క్రియేట్ ఫంక్షన్ కస్టమర్_ఆర్డర్లు(కస్టమర్_ఐడీ ఇంటీజర్)
రిటర్న్స్ టేబుల్(ఆర్డర్_ఐడీ ఇంటీజర్, తేదీ టైమ్‌స్టాంప్, స్టేటస్ టెక్స్ట్, మొత్తం న్యూమరిక్)
లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్
బాడీలో: సెలెక్ట్ ఓ.ఆర్డర్_ఐడీ, ఓ.తేదీ, ఓ.స్టేటస్, ఓ.మొత్తం ఫ్రమ్ ఆర్డర్స్ ఓ వేర్ ఓ.కస్టమర్_ఐడీ = కస్టమర్_ఐడీ

ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, క్రియేట్ అయిపోయింది. 42 ఇచ్చి పిలిస్తే ఆరు రోలు (టేబుల్‌లో అడ్డ వరసలు) రావాలి, 12,363 వచ్చాయి. 43 ఇచ్చినా 12,363. మైనస్ 1 ఇచ్చినా అవే 12,363! టేబుల్‌లో ఉన్నవి 12,400. అంటే మొత్తం టేబుల్ వస్తోందనుకుందామన్నా 37 తక్కువ, ఆ 37 ఎటు పోయాయో అదొక మిస్టరీ.

విసుగొచ్చి లాంగ్వేజ్ పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ (ఇఫ్‌లు, లూపులు కూడా రాసుకునే పోస్ట్‌గ్రెస్ భాష) అని మార్చి బిగిన్ ఎండ్ మధ్య అదే సెలెక్ట్ పెట్టా, వేర్‌లో సమానం కుడివైపు మాత్రం నేరుగా 42 అని రాసి. ఈసారి పిలిచిన వెంటనే ఇంకో గొడవ, క్వెరీకి రిజల్ట్ వెళ్ళడానికి డెస్టినేషన్ లేదంట, కావాలంటే పర్‌ఫార్మ్ వాడమని హింట్ కూడా ఇచ్చింది. పర్‌ఫార్మ్ పెడితే ఎర్రర్ పోయింది, ఒక్క రో కూడా రాలేదు. ఒకదాంట్లో అన్నీ వస్తాయి, ఇంకోదాంట్లో ఏమీ రావు. మధ్యలో ఉండే ఆరు రోలు ఎలా తెచ్చుకోవాలి?

---

ఇండెక్స్_బాబాయ్:

హహ, ఆ 37 చూసి నవ్వొచ్చింది తమ్ముడూ, నీ బగ్‌ని పట్టించేది అదే.

నువ్వు పారామీటర్‌కి (ఫంక్షన్‌కి బయటనుంచి ఇచ్చే విలువకి) కస్టమర్_ఐడీ అని పేరు పెట్టావు, టేబుల్‌లో కాలమ్ పేరూ అదే. లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్ అన్నప్పుడు ఇద్దరిదీ ఒకే పేరైతే కాలమ్‌దే గెలుపు, పారామీటర్‌ని ఎవరూ పట్టించుకోరు. అంటే నీ వేర్ కండిషన్‌కి పోస్ట్‌గ్రెస్ చదువుకున్న అర్థం "కాలమ్ తనతో తాను సమానమా" అని. ఎడమవైపు ఓ. అని పెట్టి జాగ్రత్త పడ్డావు గానీ కుడివైపుది ఒంటరిగా వదిలేశావు, అది కూడా వెళ్ళి అదే కాలమ్ మీద వాలింది. తనతో తాను సమానం ఎప్పుడూ నిజమే కాబట్టి అన్నీ వచ్చాయి. మరి 37 ఎందుకు రాలేదంటే ఆ రోల్లో కస్టమర్_ఐడీ నల్ (అసలు విలువే లేని ఖాళీ) ఉండి ఉంటుంది, నల్ నల్‌తో కూడా సమానం కాదు, అందుకని అవి రాలిపోయాయి. వెళ్ళి కస్టమర్_ఐడీ ఈజ్ నల్ అని కౌంట్ కొట్టి చూడు, 37 రాకపోతే నా పేరు మార్చుకుంటా.

మందు సింపుల్. పారామీటర్లన్నిటికీ ముందు పీ_ తగిలించు, పీ_కస్టమర్_ఐడీ అని. కొందరు అండర్‌స్కోర్‌తో మొదలుపెడతారు, ఏదైనా ఒకటే, కాలమ్‌కి ఎప్పుడూ పెట్టని రకం పేరైతే చాలు. $1 (అంటే మొదటి పారామీటర్) అని కూడా రాయొచ్చు, లేదా ఫంక్షన్ పేరు డాట్ పారామీటర్ పేరు అని కూడా ఒప్పుకుంటుంది, కానీ $1, $2, $3 అంటూ ఆరు పారామీటర్లు రాశాక నెల తర్వాత నువ్వే చదవలేవు.

క్రియేట్ ఆర్ రీప్లేస్ కొడితే "ఇన్‌పుట్ పారామీటర్ పేరు మార్చడం కుదరదు" అంటుంది, భయపడకు, ముందు డ్రాప్ చేసి మళ్ళీ క్రియేట్ చెయ్. రిటర్న్స్ టేబుల్‌లో కాలమ్ కలిపినా తీసినా అదే కథ, డ్రాప్ చెయ్యాల్సిందే. ఆ ఫంక్షన్ మీద వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలు) ఏమన్నా కట్టుంటే డ్రాప్ ఒప్పుకోదు, ముందు వాటి సంగతి చూడాలి. డ్రాప్‌తో పాటు గ్రాంట్లు (ఎవరు వాడొచ్చన్న అనుమతులు) కూడా పోతాయి, అది మర్చిపోకు, నేను ఒకసారి మర్చిపోయి పొద్దున్నే ఫోన్లు అందుకున్నా.

ఇక పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ సంగతి. అందులో ఉత్త సెలెక్ట్ రాస్తే "ఈ రోలని ఎక్కడ పొయ్యమంటావు" అని అడుగుతుంది, అదే నీకొచ్చిన ఎర్రర్. ఇంటూ వేరియబుల్‌లోకా, పారేయాలా (అదే పర్‌ఫార్మ్, రన్ చేసి రిజల్ట్ అవతల పారేస్తుంది, అందుకే నీకు ఖాళీ వచ్చింది), లేక పిలిచినవాడికి పంపాలా? పంపాలంటే సెలెక్ట్ ముందు రిటర్న్ క్వెరీ అని రాయాలి. ఒక చిన్న మెలిక, పేరులో రిటర్న్ ఉంది గానీ ఫంక్షన్ అక్కడితో ఆగిపోదు, రోలని ఒక కుప్పలో పోసి కింది లైనుకి వెళ్ళిపోతుంది. రెండు రిటర్న్ క్వెరీలు ఒకదాని కింద ఒకటి రాస్తే రెండింటి రోలూ కలిసొస్తాయి. నిజంగా ఆపాలంటే కింద ఉత్త రిటర్న్ పెట్టాలి.

కానీ నీ పనికి పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ అక్కర్లేదు. ఇఫ్‌లు లేవు, లూపులు లేవు, ఒక్క సెలెక్ట్. ఎస్‌క్యూఎల్‌లోనే ఉంచు.

---

చిన్న_జాయిన్:

అన్నా సరిగ్గా 37! గెస్ట్‌గా కొన్నవాళ్ళ ఆర్డర్లంట, ఐడీ ఖాళీ. నీ పేరు అలాగే ఉంచుకో.

పీ_ పెట్టాక ఎస్‌క్యూఎల్ వెర్షన్ పర్ఫెక్ట్‌గా ఆరు రోలు ఇస్తోంది. కానీ నేర్చుకుందాం కదా అని పీఎల్ (అదే పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్) వెర్షన్ కూడా వదలకుండా రిటర్న్ క్వెరీతో రాశా, ఈసారి సరదాగా ఓ. అనేవి తీసేసి ఉత్త కాలమ్ పేర్లు పెట్టా. "ఆర్డర్_ఐడీ యాంబిగ్యుయస్" అంటోంది. ఇదేంటి, నా పారామీటర్ పేరు పీ_కస్టమర్_ఐడీ కదా, ఆర్డర్_ఐడీ అనే పారామీటరే నేను పెట్టలేదు! మళ్ళీ ఓ. తగిలిస్తే అది పోయి ఇంకోటి: క్వెరీ స్ట్రక్చర్ ఫంక్షన్ రిజల్ట్ టైప్‌తో మ్యాచ్ కావట్లేదు, మూడో కాలమ్‌లో వార్‌చార్ 20 వచ్చింది, నాకు టెక్స్ట్ కావాలి అని. రెండూ అక్షరాలే కదా, దీనికేం నొప్పి?

---

ఎక్స్‌ప్లెయిన్_రాణి:

రెండూ నేను చెప్తాను, రెండింటితోనూ చాలా రాత్రులు గడిపాను కాబట్టి.

మొదటిది: మీరు పెట్టలేదనుకుంటున్నారు గానీ పెట్టారు. రిటర్న్స్ టేబుల్ అని బ్రాకెట్‌లో రాసిన ప్రతి పేరూ లోపల ఒక అవుట్ పారామీటర్, పీఎల్‌లో అయితే అది ఒక వేరియబుల్ కిందే లెక్క. కాబట్టి ఆర్డర్_ఐడీ అనగానే వేరియబులా కాలమా అన్న సందేహం వస్తుంది. 9.0 వెర్షన్ నుంచి ఇలాంటప్పుడు పీఎల్ ఊహించకుండా ఎర్రర్ ఇస్తుంది, మంచిదే, మీ ఎస్‌క్యూఎల్ వెర్షన్‌లా నోరు మూసుకుని తప్పు రిజల్ట్ ఇచ్చేకంటే ఇదే నయం. టేబుల్‌కి చిన్న ఏలియాస్ (మీ ఓ లాంటి మారుపేరు) పెట్టి ప్రతి కాలమ్ ముందు రాయడమే అసలు పరిష్కారం. బాడీ మొదట్లో హ్యాష్ వేరియబుల్_కాన్‌ఫ్లిక్ట్ యూజ్_కాలమ్ అని ఒక లైను పెట్టినా పనవుతుంది, కానీ అది పెద్ద పాత ఫంక్షన్‌ని బతికించుకోవడానికి, కొత్తది రాసేటప్పుడు దాని జోలికి ఎందుకు.

రెండోది: రిటర్న్ క్వెరీ టైపుల దగ్గర చాలా మొండి. వార్‌చార్‌ని టెక్స్ట్ అనుకోమంటే అనుకోదు. ఓ.స్టేటస్ పక్కన రెండు కోలన్లు పెట్టి టెక్స్ట్ అని కాస్ట్ చెయ్యండి (టైపు మార్చండి), లేదా రిటర్న్స్ టేబుల్‌లోనే వార్‌చార్ అని రాయండి. ఎక్కువమంది చిక్కుకునేది స్టేటస్ లాంటి వాటి దగ్గర కాదు, కౌంట్ దగ్గర. కౌంట్ ఇచ్చేది బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణసంఖ్యల టైపు), మనం సిగ్నేచర్‌లో ఇంటీజర్ అని రాసుకుంటాం. సమ్ ఇంకా తమాషా, ఇంటీజర్‌ని కూడితే బిగ్‌ఇంట్, బిగ్‌ఇంట్‌ని కూడితే న్యూమరిక్. ఇంకో బాధ, ఈ ఎర్రర్ ఫంక్షన్ క్రియేట్ చేసేటప్పుడు రాదు, పిలిచినప్పుడే వస్తుంది. కాబట్టి క్రియేట్ అయింది కదా అని టెస్ట్ చెయ్యకుండా పంపొద్దు.

టేబుల్‌లో ఉన్న కాలమ్స్ అన్నీ యథాతథంగా కావాలంటే రిటర్న్స్ సెటాఫ్ ఆర్డర్స్ అని రాసి బాడీలో సెలెక్ట్ ఓ.స్టార్ పెట్టేయండి, పేర్లూ టైపులూ అవే వస్తాయి, రేపు టేబుల్‌కి కాలమ్ కలిస్తే అదీ వచ్చేస్తుంది. రిటర్న్స్ సెటాఫ్ రికార్డ్ మాత్రం దూరం పెట్టండి, పిలిచిన ప్రతిసారీ కాలమ్ లిస్టు టైపులతో సహా చేత్తో రాయాల్సి వస్తుంది.

పిలిచేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ ఫంక్షన్ అని పిలవండి. సెలెక్ట్ ఫంక్షన్ అని నేరుగా పిలిస్తే రో మొత్తం బ్రాకెట్లలో కామాలతో ఒకే కాలమ్‌లో అతుక్కుని వస్తుంది. దాన్ని విడదీద్దామని బ్రాకెట్ పెట్టి డాట్ స్టార్ అన్నారనుకోండి, కాలమ్‌కి ఒకసారి చొప్పున ఫంక్షన్ రన్ అవుతుంది, నాలుగు కాలమ్స్ అంటే నాలుగుసార్లు. "క్వెరీ విడిగా రన్ చేస్తే ఫాస్టు, ఫంక్షన్‌లో పెడితే నాలుగింతలు స్లో" అని నేను ఒక పూట మొత్తం జుట్టు పీక్కున్నది దీనికే.

---

పాత_డీబీఏ:

పైన బాబాయ్ "ఎస్‌క్యూఎల్‌లోనే ఉంచు" అని ఒక ముక్కలో తేల్చేశాడు, దానికి అసలు కారణం చెప్పలేదు, అది నేను చెప్తా ఎందుకంటే ఇదంతా చదివి పదిమంది పీఎల్‌లో రాసేసి తర్వాత స్లో అని వస్తారు.

లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్‌లో ఒకే ఒక్క సెలెక్ట్ ఉన్న ఫంక్షన్‌ని ప్లానర్ (క్వెరీని ఎలా రన్ చెయ్యాలో తేల్చే భాగం) విప్పేసి నీ మెయిన్ క్వెరీలో కలిపేసుకోగలదు, దీన్నే ఇన్‌లైనింగ్ అంటారు, అప్పుడది ఫంక్షనే కాదు, పారామీటర్లున్న వ్యూ లాంటిది అన్నమాట. నువ్వు బయట వేర్ స్టేటస్ ఈక్వల్ టు పెండింగ్ అని పెడితే ఆ కండిషన్ లోపలికి దిగిపోయి ఇండెక్స్ (రోలని త్వరగా వెతికిపెట్టే సూచిక) దాకా వెళ్తుంది. పీఎల్ ఫంక్షన్ అలా కాదు, అది మూత పెట్టిన డబ్బా, లోపల ఏముందో ప్లానర్‌కి కనపడదు, మొత్తం రోలన్నీ లోపల తయారై ఒక చోట పోగుపడి (వర్క్_మెమ్ అనే మెమరీ పరిమితి దాటితే డిస్క్ మీదకి), ఆ తర్వాతే బయట ఫిల్టర్. లిమిట్ 10 పెట్టినా లోపల లక్ష రోలూ తయారవ్వాల్సిందే.

ఇన్‌లైన్ అయ్యిందో లేదో తెలుసుకోవడం తేలిక. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ కొట్టు, ప్లాన్ చూపిస్తుంది. ఫంక్షన్ స్కాన్ అని కనపడి పక్కన రోస్ 1000 అని ఉంటే కాలేదన్నట్టు, ఆ 1000 అనేది ప్లానర్ లెక్కేసి చెప్పింది కాదు, ఏమీ తెలియనప్పుడు వేసే డిఫాల్ట్ అంకె. నీకు ఆరు రోలొచ్చినా 1000 అంటుంది, ఆరు లక్షలొచ్చినా 1000 అంటుంది, దాని మీద జాయిన్ ప్లాన్ వేసుకుంటుంది, ఇక చూస్కో. డబ్బాగానే ఉంచక తప్పదనుకుంటే కనీసం ఫంక్షన్‌కి రోస్ 10 అని నీ అంచనా రాసిపెట్టు. ఇన్‌లైన్ అయితే మాత్రం నేరుగా ఆర్డర్స్ టేబుల్ మీద ఇండెక్స్ స్కాన్ కనపడుతుంది, ఫంక్షన్ పేరే ఉండదు.

చిన్న_జాయిన్ రాసిన ఫంక్షన్ ఇప్పుడున్నట్టుగా ఇన్‌లైన్ కాదు, గమనించారా ఎవరన్నా? వొలటిలిటీ ఏమీ రాయలేదు, రాయకపోతే వొలటైల్ (పిలిచిన ప్రతిసారీ ఫలితం మారొచ్చు) అనే అర్థం, వొలటైల్ అయితే విప్పదు. స్టేబుల్ (ఒక క్వెరీ నడిచేంతసేపు ఫలితం మారదు) అని ఒక్క మాట కలపాలి. టేబుల్ చదివే ఫంక్షన్‌కి ఇమ్మ్యూటబుల్ (ఎప్పటికీ మారదు) అని అబద్ధం చెప్పొద్దు, స్టేబుల్ చాలు. స్ట్రిక్ట్ అని పెట్టినా విప్పదు, సెక్యూరిటీ డిఫైనర్ (ఫంక్షన్ యజమాని అనుమతులతో నడపడం) పెట్టినా విప్పదు, ఫంక్షన్‌కి సెట్ సెర్చ్_పాత్ (పేర్లని ఏ స్కీమాల్లో, అంటే డేటాబేస్‌లోని ఫోల్డర్ల లాంటి వాటిలో, వెతకాలో చెప్పేది) తగిలించినా విప్పదు. సెక్యూరిటీ డిఫైనర్ నిజంగా కావాల్సినచోట సెర్చ్_పాత్ కట్టెయ్యాల్సిందే, అక్కడ స్పీడ్ పోయినా పర్లేదు, రెండూ కావాలంటే కుదరదు.

స్ట్రిక్ట్ గురించి ఇంకో మాట. ఏ ఒక్క పారామీటర్ నల్ వచ్చినా బాడీ రన్ కాకుండానే ఖాళీ రిజల్ట్ ఇచ్చేస్తుంది. ఐచ్ఛిక ఫిల్టర్లున్న ఫంక్షన్‌కి ఇది పెట్టావంటే ఒక్క ఫిల్టర్ నల్‌గా వదిలేసినా సున్నా రోలే, ఎందుకో ఒక పట్టాన దొరకదు.

---

సింపుల్_సెలెక్ట్:

అందరూ ఫంక్షన్ ఫంక్షన్ అంటున్నారు, నాదొక వేరే పాట. ఈ లాజిక్ డేటాబేస్‌లో పెట్టడం అవసరమా? వెర్షన్ కంట్రోల్‌లో డిఫ్ చూసుకోవడానికి లేదు, డీబగ్గర్ విడిగా పెట్టుకోవాలి, ఎవడో ప్రొడక్షన్‌లో నేరుగా మార్చి వెళ్ళిపోతాడు. కోడ్‌లో ఒక్క ఫైల్‌లో క్వెరీ పెట్టి పారామీటర్లు బైండ్ చేసుకుంటే అయిపోయేది కదా. పైగా రేపు డేటాబేస్ మారిస్తే ఇవన్నీ బూడిద. మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఫంక్షన్ నుంచి రిజల్ట్ సెట్ రానే రాదు, క్రియేట్ చేసేటప్పుడే 1415 ఎర్రర్ కొట్టి పంపిస్తుంది, ప్రొసీజర్ రాసుకోవాలి, ఆ ప్రొసీజర్‌ని ఫ్రమ్‌లో పెట్టలేం.

---

పాత_డీబీఏ:

ప్రొడక్షన్‌లో నేరుగా మార్చేవాడు కోడ్‌ని కూడా సర్వర్‌లో నేరుగా మారుస్తాడు, అది ఫంక్షన్ తప్పు కాదు బాస్. క్రియేట్ స్టేట్‌మెంట్లన్నీ మైగ్రేషన్ ఫైళ్ళలో (డేటాబేస్ మార్పులు రాసుకునే స్క్రిప్టుల్లో) పెట్టుకుంటే డిఫ్ కూడా వస్తుంది. ఒకే రిపోర్టుని మూడు అప్లికేషన్లు చదివేచోట నువ్వు చెప్పిన "ఒక్క ఫైల్" ఎక్కడ పెడతావు?

డేటాబేస్ మార్చడం గురించి మాత్రం ఒప్పుకుంటా, ఒక్కోదానిదీ ఒక్కో గోల. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పని చేసినవాళ్ళకి తెలుసు, ఇదే కథ అక్కడ ఇన్‌లైన్ టేబుల్ వాల్యూడ్ ఫంక్షన్, మల్టీ స్టేట్‌మెంట్ ఫంక్షన్ అని రెండు పేర్లతో ఉంటుంది. మొదటిది విప్పుతుంది, రెండోది డబ్బా. ఆ డబ్బాకి పాత వెర్షన్లు 1 రో అని అంచనా వేసేవి, 2014 నుంచి 100 అన్నాయి, 2017లో ముందు దాన్ని రన్ చేసి అసలు లెక్క చూసుకుని మిగతా ప్లాన్ వేసే పద్ధతి వచ్చింది. అంటే వాళ్ళకీ ఆ బాధ తెలిసొచ్చిందన్నమాట. ఒరాకిల్‌లో పైప్‌లైన్డ్ ఫంక్షన్లున్నాయి, రో తయారవ్వగానే పైప్ రో అని ఒక్కొక్కటీ బయటకి తోసేస్తాయి, పోగుపెట్టవు, ఆ పద్ధతి నాకిష్టం.

---

చిన్న_జాయిన్:

గొడవ మధ్యలో దూరుతున్నా సారీ. స్టేబుల్ పెట్టా, ఎక్స్‌ప్లెయిన్‌లో ఫంక్షన్ స్కాన్ మాయమై ఇండెక్స్ స్కాన్ వచ్చింది, ఏదో మ్యాజిక్ చూసినట్టుంది.

ఇప్పుడు మేనేజర్ ఇంకో రెండు అడిగాడు. ఒకటి, తేదీల మధ్య ఫిల్టర్, కానీ తేదీలు ఇవ్వకపోతే అన్నీ రావాలి. అది పీ_నుంచి, పీ_వరకు అని రెండు డేట్ పారామీటర్లు పెట్టి బిట్వీన్ రాశా, చివరి రోజు ఆర్డర్లు సగం మిస్ అవుతున్నాయి. రెండు, స్క్రీన్ మీద ఏ కాలమ్ హెడ్డింగ్ నొక్కితే దాని ప్రకారం సార్ట్ అవ్వాలి. పీ_సార్ట్ టెక్స్ట్ అని పెట్టి ఆర్డర్ బై పీ_సార్ట్ రాశా. ఎర్రర్ లేదు కానీ ఏది పంపినా వరస మారట్లేదు. ఎర్రర్ లేకుండా తప్పు చెయ్యడంలో నాకు టాలెంట్ ఉన్నట్టుంది.

---

ఎక్స్‌ప్లెయిన్_రాణి:

తేదీ: మీ కాలమ్ టైమ్‌స్టాంప్, పారామీటర్ డేట్. 31వ తారీఖు అని పంపితే అది 31 అర్ధరాత్రి సున్నా గంటలు అవుతుంది, ఆ రోజు పొద్దున పదింటి ఆర్డర్ దాని తర్వాత కాబట్టి బయటే ఉండిపోతుంది. సగం కాదు, ఆ రోజువి దాదాపు అన్నీ పోతాయి. బిట్వీన్ మానేసి ఓ.తేదీ >= పీ_నుంచి యాండ్ ఓ.తేదీ < పీ_వరకు + 1 అని రాయండి. డేట్‌కి 1 కలిపితే మర్నాడు వస్తుంది. కాలమ్‌ని డేట్‌గా కాస్ట్ చేసి పోల్చొచ్చు కదా అనిపిస్తుంది, చెయ్యకండి, కాలమ్ మీద ఏం చేసినా మామూలు ఇండెక్స్ పక్కకి పోతుంది, చేసేదేదో పారామీటర్ మీద చెయ్యాలి.

ఇవ్వకపోతే అన్నీ: పారామీటర్లకి డిఫాల్ట్ నల్ పెట్టి, (పీ_నుంచి ఈజ్ నల్ ఆర్ ఓ.తేదీ >= పీ_నుంచి) అని ఒక్కోదానికి ఒక్కో బ్రాకెట్. మీది ఇన్‌లైన్ అవుతోంది కాబట్టి నేరుగా విలువ పెట్టి పిలిస్తే ప్లానర్ ఆ ఈజ్ నల్ ముక్కని అక్కడే లెక్క తేల్చి కొట్టేస్తుంది, ఇబ్బంది లేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (ఒకసారి సిద్ధం చేసి మళ్ళీ మళ్ళీ వాడే క్వెరీ) నుంచో పీఎల్ లోపలినుంచో అయితే మొదటి ఐదుసార్లు విలువల్ని చూసి ప్లాన్ వేస్తుంది, ఆరోసారి నుంచి అందరికీ సరిపోయే జెనరిక్ ప్లాన్ చవగ్గా కనిపిస్తే దానికి మారిపోవచ్చు. "మొదట్లో ఫాస్ట్‌గా ఉండి కాసేపటికి స్లో అవుతోంది" అని ఎవరన్నా అంటే నేను ముందు అనుమానించేది దీన్నే. 12వ వెర్షన్ నుంచి ప్లాన్_క్యాష్_మోడ్‌ని ఫోర్స్_కస్టమ్_ప్లాన్ అని పెట్టుకునే వీలుంది.

పిలిచేటప్పుడు పేర్లతో పిలవండి: పీ_కస్టమర్_ఐడీ => 42, పీ_వరకు => అంటూ. మధ్యలోవి వదిలెయ్యొచ్చు, వరస గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

సార్ట్ సంగతి బాబాయ్ గారికి వదిలేస్తున్నా, ఆయనకి అది ఇష్టమైన సబ్జెక్ట్.

---

ఇండెక్స్_బాబాయ్:

నాకేం ఇష్టం కాదు రాణీ గారూ, కాలిన మచ్చలున్నాయి అంతే.

తమ్ముడూ, పారామీటర్ అంటే విలువ. పేరు కాదు. నువ్వు 'తేదీ' అని పంపితే లోపల అది తేదీ అనే కాలమ్ అవ్వదు, తే, దీ అని రెండు అక్షరాలున్న ఒక స్ట్రింగ్ అంతే. ఆర్డర్ బై పీ_సార్ట్ అంటే ప్రతి రోకీ అదే స్ట్రింగ్, అన్నీ సమానం, ఇక వరస ఎందుకు మారుతుంది? టేబుల్ పేరు పారామీటర్‌గా పంపుదాం అనుకునేవాళ్ళకీ ఇదే జవాబు.

కాలమ్స్ మూడో నాలుగో అయితే కేస్‌తో లాగించెయ్: కేస్ వెన్ పీ_సార్ట్ = 'తేదీ' దెన్ ఓ.తేదీ ఎండ్, కామా, కేస్ వెన్ పీ_సార్ట్ = 'మొత్తం' దెన్ ఓ.మొత్తం ఎండ్, ఇలా విడివిడిగా. ఒకే కేస్‌లో రెండూ పెట్టకు, ఒకదాంట్లో తేదీ ఇంకోదాంట్లో న్యూమరిక్ కలవవు అని ఎర్రర్ ఇస్తుంది. దీని లోటు ఏంటంటే సార్ట్‌కి ఇండెక్స్ పనికిరాకపోవచ్చు, ఒక కస్టమర్‌కి ఆరు రోలుంటే ఎవడికి కావాలి ఇండెక్స్.

నిజంగా డైనమిక్ కావాలంటే అప్పుడు పీఎల్‌కి వెళ్ళు, రిటర్న్ క్వెరీ ఎగ్జిక్యూట్ వాడు. అక్కడ ఒక గీత గీసుకో: విలువలన్నీ $1 $2 అని రాసి చివర్లో యూజింగ్‌తో ఇవ్వాలి, పేర్లు మాత్రమే ఫార్మాట్ ఫంక్షన్‌లో పర్సెంట్ పెద్ద ఐతో పెట్టాలి, అది అవసరమైనచోట పేరుని డబుల్ కోట్స్‌తో జాగ్రత్తగా చుడుతుంది. రెండు నిలువు గీతలతో స్ట్రింగులు అతికించి క్వెరీ కట్టావా, పారామీటరైజ్డ్ ఫంక్షన్ రాసి కూడా ఇంజెక్షన్‌కి (బయటివాడు తన ఎస్‌క్యూఎల్‌ని దూర్చడానికి) తలుపు తీసినట్టే. ఎవడో పీ_సార్ట్‌లో తన సొంత సబ్‌క్వెరీ పంపి చూడకూడని డేటా లాగేస్తాడు. అసెండింగ్ డిసెండింగ్ అనేవి కీవర్డ్స్ కాబట్టి పర్సెంట్ ఐ వాటికి పనికిరాదు, ఇఫ్ పెట్టి నువ్వే రెండిట్లో ఒకటి ఎంచి పెట్టాలి. కాలమ్ పేరు కూడా నువ్వు అనుమతించిన లిస్టులో ఉందా లేదా చూసి, లేకపోతే రెయిజ్ ఎక్సెప్షన్. ఇది చెయ్యకపోతే యూజర్‌కి చూపించకూడని కాలమ్ మీద కూడా సార్ట్ చేసి దాని విలువలు వరసని బట్టి ఊహించగలరు.

నా మాట వింటే ఫంక్షన్‌లో సార్టే పెట్టకు. సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ కస్టమర్_ఆర్డర్లు(42) ఆర్డర్ బై తేదీ అని పిలిచేవాడే బయట రాసుకుంటాడు. లోపల సార్ట్ చేసినా బయట ఎవడన్నా జాయిన్ చేస్తే ఆ వరసకి గ్యారంటీ లేదు.

అన్నట్టు కస్టమర్లందరికీ కలిపి ఒకేసారి కావాలంటే సెలెక్ట్ లిస్టులో ఫంక్షన్ పెట్టకు, ఆర్డర్లు లేని కస్టమర్లు రిజల్ట్‌లోంచి గల్లంతవుతారు. లెఫ్ట్ జాయిన్ ల్యాటరల్ కస్టమర్_ఆర్డర్లు(సీ.ఐడీ) ఆన్ ట్రూ, ఇలా (ల్యాటరల్ అంటే ఒక్కో కస్టమర్ ఐడీతో ఫంక్షన్‌ని పిలవడం).

---

చిన్న_జాయిన్:

సార్ట్ బయట పెట్టేశా, నొప్పి పోయింది. తేదీలూ సరిగ్గా వస్తున్నాయి.

చివరి డౌట్. ప్రామిస్. డేట్ పారామీటర్లు కలిపి క్రియేట్ ఆర్ రీప్లేస్ కొట్టా, ఓకే అంది. ఇప్పుడు కస్టమర్_ఆర్డర్లు(42) అంటే "ఫంక్షన్ ఈజ్ నాట్ యునీక్" అంటోంది. రీప్లేస్ చేశాను కదా, ఇంకెవరున్నారు అక్కడ?

---

పాత_డీబీఏ:

రీప్లేస్ అవ్వలేదు. ఫంక్షన్‌ని గుర్తుపట్టేది పేరూ, ఇన్‌పుట్ టైపులూ రెండూ కలిపి. ఒక ఇంటీజర్ తీసుకునేది ఒకటి, ఇంటీజర్ డేట్ డేట్ తీసుకునేది ఇంకోటి, రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఉత్త 42 ఇస్తే డిఫాల్ట్‌ల వల్ల రెండోది కూడా నేనే అంటుంది. డ్రాప్ ఫంక్షన్ కస్టమర్_ఆర్డర్లు(ఇంటీజర్) అని బ్రాకెట్‌లో టైప్‌తో సహా రాసి పాతదాన్ని తీసెయ్. ముందు పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్‌లో) బ్యాక్‌స్లాష్ డీఎఫ్, స్టార్ డాట్ కస్టమర్_ఆర్డర్లు అని కొట్టి ఎన్నున్నాయో చూసుకో, స్టార్ డాట్ పెడితే అన్ని స్కీమాల్లోవీ చూపిస్తుంది.

---

చిన్న_జాయిన్:

చూశా. మూడున్నాయి. రెండు నావి. మూడోది టెస్ట్ అనే స్కీమాలో ఉంది, పారామీటర్ పేరు కస్టమర్_ఐడీ, బాడీలో వేర్ కస్టమర్_ఐడీ = కస్టమర్_ఐడీ. అది నేను రాసింది కాదు.